పుట్టిల్లు ఒక రాష్ట్రం, మెట్టినిల్లు ఒక రాష్ట్రం: హోసూరు, కృష్ణగిరి తెలుగు కుటుంబాలలో కట్నం తగాదాలు

హోసూరు, కృష్ణగిరి ప్రాంతపు తెలుగువారిని గురించిన చర్చ ఎక్కువగా విజయనగర కాలపు వలసల చుట్టూ, భాషారాష్ట్రాల విభజన చుట్టూ, తెలుగు బడుల చుట్టూ తిరుగుతుంది. ఈ వ్యాసంలో మేము మరొక విషయాన్ని తీసుకొంటున్నాము. అది పెళ్ళి. ఇంకా స్పష్టంగా చెప్పాలంటే, పెళ్ళిలో ఇచ్చిపుచ్చుకొన్న సొమ్ము తగాదాగా మారి పోలీసుస్టేషను మెట్లు, కోర్టు మెట్లు ఎక్కిన తీరు. మా ప్రతిపాదన ఒక్కటే. ఈ ప్రాంతంలో సంబంధాలు ఎల్లలు దాటి కలుపుకొన్నారు. చట్టం మాత్రం చాలాకాలం ఎల్ల దగ్గరే ఆగిపోయింది. అత్తింటినుంచి తిరిగివచ్చిన ఆడపిల్ల పుట్టింటి ఊరిలోనే నేర ఫిర్యాదు చేసుకోవచ్చునని సుప్రీంకోర్టు తేల్చి చెప్పేసరికి, కట్న నిషేధ చట్టం వచ్చి యాభై ఎనిమిదేళ్ళు గడిచిపోయాయి.

మూడు రాష్ట్రాల కూడలి

1792 శ్రీరంగపట్నం సంధి ప్రకారం టిప్పు సుల్తాను బారామహల్ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకొన్నాడు. కృష్ణగిరి అందులోని భాగమే. అలెగ్జాండర్ రీడ్, ఆయన కింద పనిచేసిన థామస్ మన్రో ఇక్కడి రెవెన్యూ వ్యవస్థకు పునాది వేశారు. 1799లో టిప్పు మరణించిన తరువాత హోసూరు కూడా కంపెనీ పాలనలోకి వచ్చింది. చాలాకాలం ఈ రెండూ సేలం జిల్లాలో ఉండేవి. 1965లో ధర్మపురి జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరాయి. 2004 ఫిబ్రవరి 9న కృష్ణగిరి జిల్లా విడిగా ఏర్పడింది.

జిల్లాలు మారినంత తేలికగా రాష్ట్రాల ఎల్లలు మారలేదు. 1953లో ఆంధ్రరాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు హోసూరు, కృష్ణగిరి మద్రాసు రాష్ట్రంలోనే మిగిలాయి. 1960 ఏప్రిల్ 1న అమలైన సరిహద్దు సవరణలు కూడా ఈ పరిస్థితిని పెద్దగా మార్చలేదు. ఒకవైపు కుప్పం, మరొకవైపు కోలారు, ఇంకొకవైపు ఆనేకల్లు, బెంగుళూరు. హోసూరునుంచి బెంగుళూరుకు నలభై కిలోమీటర్లు. ఈ నలుదిక్కుల తెలుగు కుటుంబాల మధ్య పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకోవడం రాష్ట్రాలు పుట్టకముందునుంచి ఉన్నదే. ఎల్ల గీసినంత మాత్రాన మేనమామ పరాయివాడు కాడు గదా!

ఓలి నుంచి కట్నం దాకా

ఈ తగాదాల చరిత్రకు మాటల చరిత్ర కొంత దారి చూపుతుంది. వరుడి తరఫువారు వధువు తరఫువారికి ఇచ్చే సొమ్మును తెలుగులో ఓలి అన్నారు. ఉంకువ అని కూడా అన్నారు. కూతురిని అత్తవారింటికి పంపేటప్పుడు వెంట ఇచ్చేది అరణం. పసుపుకుంకుమల కింద కూతురికి భూమి రాసి ఇవ్వడం మరొక ఆచారం. కట్నమనే మాట శుభకార్యాలలో ఇచ్చే కానుకలన్నింటికీ వాడుకలో ఉండేది. వరుడి పక్షం అడిగి పుచ్చుకొనే సొమ్ముకే ఆ పేరు స్థిరపడడం తరువాతి మాట.

1909లో వెలువడిన థర్‌స్టన్ కులాల సంపుటాలలో దక్షిణాదిలోని అనేక తెలుగు కులాల ఓలి ప్రస్తావన కనిపిస్తుంది. ఇక్కడ విద్యార్థులు ఒక పొరపాటు పడే అవకాశం ఉంది. గురజాడ నాటకం 1897లో అచ్చయింది కనుక, అప్పట్లో తెలుగుదేశమంతటా కన్యాశుల్కమే ఉండేదని, తరువాత అది తిరగబడి వరకట్నమయిందని అనుకోవడం సరికాదు. కులాన్నిబట్టి, ప్రాంతాన్నిబట్టి, ఆస్తినిబట్టి రెండు పద్ధతులూ పక్కపక్కనే నడిచాయి. పొలం పనిలో ఆడమనిషి చేతికి విలువ ఉన్నచోట ఓలి నిలిచింది. చదువుకు, నెలజీతానికి విలువ పెరిగినచోట కట్నం పెరిగింది. సామాజిక శాస్త్రవేత్త ఎం. ఎన్. శ్రీనివాస్ 1984లో ప్రచురించిన తన ఉపన్యాసంలో, నేటి కట్నాన్ని పాత స్త్రీధనంతో కలిపి చూడకూడదనీ, అది బ్రిటిషు పాలన తెచ్చిన ద్రవ్య వ్యవస్థతో, చదువులతో, ఉద్యోగాలతో వచ్చినదనీ వాదించారు.

హోసూరు ఈ వాదనకు దగ్గరి ఉదాహరణ అని మా అభిప్రాయం. 1970లలో సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చింది. తరువాతి దశాబ్దంలో అశోక్ లేలాండ్, టీవీఎస్ మోపెడ్లు, టైటాన్ గడియారాలు వచ్చాయి. రాగుల చేను, మామిడితోట మాత్రమే ఎరిగిన కుటుంబాలలో నెలజీతపు అల్లుడు అనే కొత్త లెక్క మొదలయింది. మేనరికంలో ఇచ్చిపుచ్చుకోవడాలు చాలావరకు ఇరువైపులవారూ ఎరిగిన పాత లెక్కలు. తెలియని బెంగుళూరు సంబంధంలో ఆ లెక్క లేదు. దాన్ని సరిచూసే మేనత్తా లేదు. పెళ్ళి పందిట్లో బంధువులు చదివించిన పదికీ, యాభైకీ పుస్తకంలో పద్దు ఉంటుంది. దీన్నే తమిళంలో మొయ్ అంటారు. లోపలిగదిలో చేతులు మారిన కట్నానికి మాత్రం పద్దు ఉండదు. రేపు తగాదా వస్తే కోర్టు అడిగేది ఈ రెండో పద్దునే.

చట్టం నడిచి వచ్చిన దారి

కట్నాన్ని నిషేధించడంలో ఆంధ్రప్రదేశ్ కేంద్రం కంటె ముందున్నది. బీహారు 1950లో, ఆంధ్రప్రదేశ్ 1958లో ఇందుకు చట్టాలు చేశాయి. ఎల్లకు ఇవతల మద్రాసు రాష్ట్రంలో ఉన్న హోసూరు తెలుగువారికి ఆ ఆంధ్ర చట్టం వర్తించలేదు. కుప్పంలో నేరమైన పని హోసూరులో నేరం కాని ఆ స్థితి కొద్దికాలమే నిలిచింది. కేంద్ర ప్రభుత్వపు బిల్లుపై ఉభయసభలకు ఏకాభిప్రాయం కుదరక, 1961 మే నెలలో పార్లమెంటు చరిత్రలోనే మొట్టమొదటి సంయుక్త సమావేశం జరిగింది. ఆ సంవత్సరం జులై 1న వరకట్న నిషేధ చట్టం అమలులోకి వచ్చి, ఆంధ్ర, బీహారు చట్టాలను రద్దుచేసింది.

అయితే ఆ చట్టానికి కోరలు లేవు. శిక్ష ఆరునెలల వరకు జైలు, లేదా అయిదువేల రూపాయల వరకు జరిమానా. పోలీసులు తమంతట తాము కేసు పట్టే వీలు లేదు. ఏడాదిలోగా మేజిస్ట్రేటు ముందు ఫిర్యాదు చేయాలి. కట్నం అడిగినవారిపై కేసు నడపాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. 1975లో హైదరాబాదులో ప్రగతిశీల మహిళా సంఘం కట్న వ్యతిరేక ఆందోళన సాగించింది. అత్యవసర పరిస్థితి దాన్ని అణగదొక్కింది. తరువాత ఢిల్లీలో, ఇతర నగరాలలో కోడళ్ళ మరణాలపై ఉద్యమాలు లేచాయి. వాటి ఫలితంగా 1983 డిసెంబరులో భారత శిక్షాస్మృతిలో 498ఏ సెక్షను చేరింది. భర్తగాని, అతని బంధువులుగాని భార్యను క్రూరంగా హింసిస్తే మూడేళ్ళ వరకు జైలు. 1986లో వరకట్న మరణానికి 304బి సెక్షను వచ్చింది. 2024 జులై 1నుంచి ఇవే భారతీయ న్యాయసంహితలో 85, 86, 80 సెక్షన్లుగా ఉన్నాయి.

తమిళనాడులో 1992లో మద్రాసులో మొదటి మహిళా పోలీసుస్టేషను తెరిచారు. క్రమంగా ఇటువంటివి ఇతర పట్టణాలకు వ్యాపించి, హోసూరుకు, కృష్ణగిరికి కూడా వచ్చాయి. అంతవరకు పెద్దమనుషుల పంచాయితీలో తేలవలసిన మాట ఇప్పుడు స్టేషను బల్లమీదికి వచ్చింది. అక్కడ కూడా మొదట జరిగేది తరచు రాజీ ప్రయత్నమే.

ఇదే కాలంలో ఆస్తిహక్కు మరొక దారిలో నడిచింది. ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1985 సెప్టెంబరు 5నుంచి, తమిళనాడు 1989 మార్చి 25నుంచి, కర్ణాటక 1994 జులై 30నుంచి సవరణలు అమలుచేశాయి. ఆ తేదీలకు ముందే పెళ్ళయిన కూతుళ్ళకు మూడుచోట్లా ఆ హక్కు దక్కలేదు. దేశమంతటికీ ఒకే నియమం 2005లో వచ్చింది. ‘కట్నమే ఆడపిల్ల వాటా’ అనే వాదన మన ఇళ్ళలో తరచు వినబడుతుంది. వాటా ఆమె పేరున ఉంటుంది. కట్నం అత్తవారి చేతికి పోతుంది. కట్నంగా పుచ్చుకొన్నది నిర్ణీత గడువులోగా భార్యకు చేర్చాలని 1961 చట్టమే చెప్పింది. స్త్రీధనం భార్య సొంత ఆస్తి అనీ, దాన్ని తిరిగి ఇవ్వకపోవడం నమ్మకద్రోహ నేరం కాగలదనీ 1985లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

ఫిర్యాదు ఏ ఊరిలో?

ఒక ఉదాహరణ ఊహించుకొందాం. శూలగిరి దగ్గరి పల్లెలోని అమ్మాయిని కుప్పం కుటుంబానికి ఇచ్చారు. పెళ్ళి హోసూరులో జరిగింది. కాపురం బెంగుళూరులో పెట్టారు. కట్నం చాలలేదని మొదలయిన ఆరళ్ళు పడలేక, ఆ పిల్ల రెండేళ్ళకు పుట్టింటికి చేరింది. ఇప్పుడు ఆమె ఏ ఊరిలో ఫిర్యాదు చేయాలి?

నేరం జరిగినచోటనే విచారణ జరగాలనేది క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని సాధారణ నియమం. ఆ లెక్కన ఆమె బెంగుళూరు స్టేషనుకు పోవాలి. ఏ ఇంటినుంచి పారిపోయి వచ్చిందో ఆ ఇంటి దగ్గరికే పోవాలి. 2004లో తమిళనాడుకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఈ నియమాన్నే పాటించింది. కాపురం నాగర్‌కోయిల్‌లో, భార్య తిరిగివచ్చి ఉన్నది చెన్నైలో. ఆరోపించిన సంఘటనలేవీ చెన్నైలో జరగలేదు కనుక అక్కడి కోర్టుకు అధికారం లేదన్నారు. ఒకే రాష్ట్రంలోని రెండు ఊళ్ళ మధ్యనే ఇట్లా ఉంటే, మూడు రాష్ట్రాల మధ్య నలిగిన మా ఉదాహరణలోని పిల్ల సంగతి చెప్పనక్కరలేదు.

చట్టం పుట్టింటికి ఒక్కొక్క అడుగే వేస్తూ వచ్చింది. 1974లో అమలైన కోడ్ ప్రకారం, భరణం కోసం భార్య తాను నివసించేచోటనే అర్జీ పెట్టుకోవచ్చు. 2003 సవరణతో హిందూ వివాహచట్టం కింద భార్య వేసే కేసులకూ ఆ వీలు వచ్చింది. 2006 అక్టోబరునుంచి అమలవుతున్న గృహహింస చట్టం, తాత్కాలికంగా తలదాచుకొన్న చోటయినా చాలునన్నది. చివరికి 2019 ఏప్రిల్ 9న ముగ్గురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 498ఏ ఫిర్యాదుకు కూడా ఈ దారి తెరిచింది. అత్తింట్లో పడ్డ హింస తాలూకు మనోవేదన పుట్టింట్లోనూ వెంటాడుతుంది కనుక, ఆమె ఆశ్రయం పొందినచోట కేసు చెల్లుతుందని తీర్పు. 2024నుంచి, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం నమోదు చేయాలనే నియమం చట్టంలోనే చేరింది.

దీనికి రెండో వైపు కూడా ఉన్నది. ఇప్పుడు కుప్పంలోని ముసలి అత్తమామలు హోసూరు కోర్టుకు వాయిదా వాయిదాకు బస్సెక్కాలి. ఫిర్యాదులో పెళ్ళికాని ఆడపడుచు పేరు, వేరు కాపురం ఉన్న మరిది పేరు చేర్చితే వారూ రావాలి. ఈ బాధను కోర్టులు గుర్తించాయి. ఆలోచించకుండా అరెస్టు చేయవద్దని 2014లో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024 డిసెంబరులో తెలంగాణకు చెందిన ఒక కేసును కొట్టివేస్తూ, ఎవరు ఏమి చేశారో చెప్పకుండా కుటుంబసభ్యులందరిమీదా చేసే స్థూలమైన ఆరోపణలు నిలవవని చెప్పింది. చట్టం దుర్వినియోగమవుతున్నదనేవారూ, అసలు అమలే కావడం లేదనేవారూ తరచు ఒకే ఊరి కేసులనే రెండు వైపులనుంచి చూస్తున్నారని మాకు తోస్తుంది.

తెలుగు మాట, తమిళ కాగితం

ఈ చివరి తీర్పు మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన చిక్కు తెస్తుంది. హోసూరు, కృష్ణగిరి స్టేషన్లలో రాతపని తమిళంలో జరుగుతుంది. హోసూరులో పుట్టిన తెలుగు ఆడపిల్లకు తమిళం రావచ్చు. కుప్పంనుంచో, పలమనేరునుంచో కోడలిగా వచ్చిన పిల్లకు తమిళం మాట్లాడడం పట్టుబడినా చదవడం రాకపోవచ్చు. ఆమె ‘దెప్పిపొడిచారు’, ‘అన్నం దగ్గర లేపారు’, ‘ఆడపడుచు కట్నం బాకీ అని నగలు దాచేశారు’ అని చెబుతుంది. మూడు వేరువేరు సంగతులు, మూడు వేరువేరు మనుషులు చేసిన పనులు. కాగితం మీద అవి మూడూ కలిసి ‘వరదట్చణై కొడుమై’ అనే రెండు మాటలుగా మిగిలితే, అదే రేపు స్థూలమైన ఆరోపణగా కనిపిస్తుంది. ఏ తేదీన, ఏ ఇంట్లో, ఎవరు, ఎంత అడిగారు అన్నది తెలుగులో చెప్పినప్పుడు ఉన్నది. కాగితంలో లేకుండా పోయింది. రాసిన సమాచారాన్ని ఇచ్చినవారికి చదివి వినిపించాలని చట్టం చెబుతూనే ఉన్నది. అర్థమయ్యే భాషలో వినిపించమని అడిగే ధైర్యం, అడగవచ్చుననే ఎరుక ఆ పిల్లకు ఎక్కడినుంచి రావాలి?

ఇక్కడ తెలుగుశాఖ విద్యార్థులకు పని ఉన్నదని మేము భావిస్తున్నాము. ఎల్లకు ఇవతలి తెలుగులో పెళ్ళి లాంఛనాలకు, కానుకలకు, అత్తింటి హింసకు ఉన్న మాటలను ఊరూరా సేకరించి, ఒక్కొక్కదానికి సరైన తమిళ, కన్నడ మాటలను పక్కన చేర్చాలి. పెళ్ళిళ్ళలో రాసిన చదివింపుల పుస్తకాలను భద్రపరచాలి. వధూవరులకిచ్చిన కానుకల జాబితా రాసి సంతకాలు చేయించాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితా నమూనాను తెలుగులో, తమిళంలో పక్కపక్కన తయారుచేసి ఊళ్ళలో పంచవచ్చు. నిఘంటువు పని సాహిత్యానికి మాత్రమే పనికివస్తుందనే అభిప్రాయం మనలో ఉన్నది. హోసూరు మహిళా స్టేషను బల్లముందు కూర్చున్న తెలుగు ఆడపిల్లకు, ఆమె ఎదుట నిలబడ్డ అత్తగారికి కూడా, సరైన మాట దొరకడమే న్యాయానికి మొదటి మెట్టు.