సీసాలో మొక్క, సీసా బయటి వెలుతురు

1902లో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో గాట్లీబ్ హాబర్లాంట్ అనే వృక్షశాస్త్రవేత్త ఆకుల్లోంచి విడి కణాలను తీసి, లవణాల ద్రావణంలో పెంచాలని చూశాడు. మొక్కలోని ఏ కణానికైనా మళ్లీ నిండు మొక్క కాగల శక్తి ఉందని ఆయన నమ్మకం. అందుకు ఆకుపచ్చని కణాలనే ఏరుకున్నాడు. పత్రహరితం ఉన్న కణం వెలుతురులో తన తిండి తానే వండుకుంటుంది కాబట్టి బయటినుంచి పెట్టాల్సింది తక్కువని ఆయన లెక్క. కణాలు వారాల తరబడి బతికాయి, ఉబ్బాయి, పిండిపదార్థాన్ని పోగుచేసుకున్నాయి. ఒక్కటి కూడా రెండుగా చీలలేదు.

కణజాల వర్ధనం, అంటే మన రైతులు టిష్యూ కల్చర్ అని పిలిచే విద్య, ఆ ఓటమితో మొదలైంది. ఆ తర్వాత దశాబ్దాల పాటు శాస్త్రం వెలుతురును పక్కనపెట్టి చక్కెరను నమ్ముకుంది. గత నలభై ఏళ్లుగా మెల్లగా మళ్లీ వెలుతురు వైపు నడుస్తోంది. మొదటి సగం కథ పాఠ్యపుస్తకాల్లో ఉంది. రెండో సగానికి మన దగ్గర దక్కాల్సిన శ్రద్ధ దక్కలేదని నా అభిప్రాయం.

హాబర్లాంట్ తీసుకున్నవి ముదిరిన కణాలు. పెరగడం మానేసి, ఒక పనిలో స్థిరపడిపోయినవి. తర్వాత వచ్చినవాళ్లు ఆకును వదిలేసి, ఇంకా పెరుగుతూనే ఉండే భాగాల వైపు తిరిగారు. 1934లో అమెరికాలో ఫిలిప్ వైట్ టమాటా వేరు కొనలను లవణాలు, చక్కెర, ఈస్ట్ సారం కలిపిన ద్రావణంలో అంతు లేకుండా పెంచగలిగాడు. వేరుకు పత్రహరితమూ లేదు, వెలుతురు అక్కరా లేదు. అప్పటికే ఆక్సిన్ అనే హార్మోన్ సంగతి బయటపడింది. దాన్ని వాడుకుని ఫ్రాన్స్‌లో గొతెరే, నొబెకూర్ 1939లో క్యారెట్ ముక్కలనుంచి ఆగకుండా పెరిగే కణాల ముద్దను, అంటే కాలస్‌ను, సాధించారు. అదే ఏడాది వైట్ కూడా పొగాకుతో అక్కడికే చేరాడు.

కానీ ముద్ద ముద్దగానే ఉండిపోయేది. కణాలను మొక్కగా మలచడానికి ఇంకేదో కావాలి. ఇక్కడ మన కొబ్బరి నీళ్లు కథలోకి వస్తాయి. 1941లో వాన్ ఓవర్‌బీక్ బృందం ఉమ్మెత్త లేత పిండాలను కొబ్బరి నీళ్లు కలిపిన ద్రావణంలో పెంచింది. లోపల పెరిగే పిండానికి కాయ దాచిపెట్టిన ఆహారం అది, మరో మొక్క పిండానికీ పనికొచ్చింది. 1958లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో స్టీవార్డ్ అదే కొబ్బరి నీళ్లతో క్యారెట్ కణాలనుంచి మొక్కలు పుట్టించాడు. అదే కాలంలో జర్మనీలో రైనర్ట్ కూడా క్యారెట్‌లో పిండాలు చూశాడు. హాబర్లాంట్ నమ్మిన మాట రుజువయింది, కానీ రుజువు చేసింది ఎండ తగిలిన ఆకు కాదు, మట్టిలో చీకట్లో ఊరిన దుంప.

విస్కాన్సిన్‌లో స్కూగ్, మిల్లర్ చేసిన పని ఈ చరిత్రకు నడుమ దూలం. కణాలను చీల్చే పదార్థం కోసం వెతుకుతూ వాళ్లు హెర్రింగ్ చేప వీర్యంలోని డీఎన్‌ఏను వాడి చూశారు. పాతబడిన సీసాలోది పనిచేసింది, తాజాది పనిచేయలేదు. తాజాదాన్ని ఆటోక్లేవ్‌లో వేడిచేస్తే అదీ పనిచేసింది! అలా 1955లో కైనెటిన్ దొరికింది. రెండేళ్లకు వాళ్లు చెప్పిన సూత్రం నేటికీ ప్రతి ప్రయోగశాలకూ ఆధారం: ఆక్సిన్ పాలు ఎక్కువైతే వేళ్లు, కైనెటిన్ పాలు ఎక్కువైతే మొలకలు, రెండూ సరితూగితే కాలస్. స్కూగ్ శిష్యుడు తొషియో మురషిగే పొగాకు ఆకుల రసంలో కొత్త హార్మోన్ ఉందేమోనని వెతికాడు. రసాన్ని కాల్చిన బూడిద వేసినా కణాలు పెరిగాయి. అంటే మేలు చేసింది హార్మోన్ కాదు, ఖనిజాలు. 1962లో మురషిగే, స్కూగ్ పేర్లతో వచ్చిన ‘ఎంఎస్ మీడియం’ అనే పోషక మిశ్రమం అలా పుట్టింది. లీటరుకు 30 గ్రాముల చక్కెర ఉన్న ఆ వంటకం ప్రపంచమంతా పాకింది.

అదే కాలంలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జరిగినదాన్ని మనం గర్వంగా చెప్పుకోవాలి, చెప్పుకోవడం లేదు. పంచానన్ మహేశ్వరి అక్కడ నిలబెట్టిన పిండశాస్త్ర శాఖలో 1962లో గసగసాల మొక్క అండాలను పరీక్షనాళికలోనే ఫలదీకరించారు. 1964లో సిప్రా గుహ, ఎస్.సి. మహేశ్వరి ఉమ్మెత్త పరాగకోశాలను మీడియంలో పెట్టారు. వాళ్లు చూడాలనుకున్నది కణాలు తమ క్రోమోజోములను సగానికి తగ్గించుకునే తీరు. కొన్ని వారాలకు కోశాల్లోంచి పిండాలు తొంగిచూశాయి. పుప్పొడి రేణువే మొక్కగా మారుతోందని తేలింది. ఆ మొక్కలో సగం క్రోమోజోములే ఉంటాయి. వాటిని రెట్టింపు చేస్తే ఒక్క తరంలోనే పూర్తిగా స్థిరపడిన వంగడం చేతికొస్తుంది. మామూలుగా దానికి ఆరేడు తరాలు పడుతుంది. చైనా ఈ పద్ధతిని అందిపుచ్చుకుని వరి, గోధుమ వంగడాలను పొలాలకు పంపింది. కనుగొన్న దేశంలో అంత ఉధృతంగా వాడకం సాగలేదు, ఈ లోటు నన్ను బాధిస్తుంది.

వ్యాపారానికి దారి వేసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన జార్జ్ మొరెల్. వైరస్ సోకిన మొక్కలోనూ మొలక చిట్టచివరి కొన దాదాపు శుభ్రంగానే ఉంటుంది. 1952లో ఆ కొనను కోసి పెంచి వైరస్ లేని డాలియాలను తీశారు. తర్వాత బంగాళాదుంపకు, ఆర్కిడ్లకు అదే దారి. అరటికీ అదే.

అరటి మన కథ. అనంతపురం, కడప జిల్లాల్లో జీ-9 అని పిలిచే గ్రాండ్ నైన్ రకం టిష్యూ కల్చర్ మొక్కలతోనే అంతగా విస్తరించింది. పిలకలు నాటితే తోట హెచ్చుతగ్గులుగా వస్తుంది, పాత తోటలోని తెగులూ వెంట వస్తుంది. ప్రయోగశాల మొక్కలు ఒకే ఈడువి కావడంతో గెలలు దాదాపు ఒకేసారి కోతకొస్తాయి, అందుకే ఎగుమతికి లారీలు, రైళ్లు నింపగలుగుతున్నారు. సీసాలో మొలకలు నెలకు మూడింతలైతే ఎనిమిది విడతల్లో ఒక్క మొలక 6,561 అవుతుంది. తల్లి మొక్కలో వైరస్ దాగి ఉంటే అదీ అన్నిటికీ చేరుతుంది. అందుకే 2006లో కేంద్ర బయోటెక్నాలజీ విభాగం ఈ మొక్కలకు జాతీయ ధ్రువీకరణ విధానం తెచ్చింది.

విడతలు పెరిగేకొద్దీ మొక్కల్లో తేడాలూ పెరుగుతాయి. దీన్ని ఆయిల్‌పామ్ కంటే కఠినంగా నేర్పిన పంట లేదు. ఒకే మొవ్వు, పిలకలు లేవు కాబట్టి మంచి చెట్టుకు నకలు కావాలంటే ప్రయోగశాలే గతి. మలేసియాలో నాటిన అలాంటి చెట్లలో కొన్ని ఏళ్ల తర్వాత పూతకొచ్చి, కేసరాలు అండకోశంలా మారి, వికారమైన కాయలు కాశాయి. 1980ల్లో బయటపడిన ఈ లోపానికి కారణం 2015లో తెలిసింది. జన్యువు అక్షరాలు మారలేదు, దానిమీది మిథైల్ గుర్తులు చెరిగిపోయాయి. సీసాలో గడిపిన కాలం మొక్కలో ముద్ర వేస్తుందని ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇక వెలుతురు. కృత్రిమ దీపం కింద మొక్క పెంచాలన్న తపన సీసా కంటే పాతది. 1861లో హెర్వే మాంగోన్ విద్యుద్దీపపు వెలుతురులోనూ పత్రహరితం పుడుతుందని చూపాడు. 1880లో విలియం సీమెన్స్ ఇంగ్లండ్‌లో ఆర్క్ దీపాల కింద పైరులు పెంచాడు. ట్యూబ్‌లైట్లు వచ్చాక టిష్యూ కల్చర్ గదులకు అవే సూర్యుళ్లయ్యాయి: 25 డిగ్రీల వేడి, 16 గంటల వెలుగు, 8 గంటల చీకటి. కానీ అక్కడ దీపం పని సంజ్ఞ ఇవ్వడమే. ఆకు ఎప్పుడు విప్పాలో, కాండం ఎంత సాగాలో చెబుతుంది. తిండి మాత్రం చక్కెరదే. సీసా మొక్కకు కిరణజన్య సంయోగక్రియ చేతకాదని అందరూ అనుకున్నారు.

1980ల్లో జపాన్ చిబా విశ్వవిద్యాలయంలో తొయోకి కొజాయ్ బృందం సీసా లోపలి గాలిని కొలిచింది. దీపం వెలిగిన కొద్ది గంటల్లోనే అందులోని కార్బన్ డయాక్సైడ్ అడుగంటుతోంది. మొక్కకు చేతకాక కాదు, బిగించిన మూత దాన్ని పస్తు పెట్టింది. గాలి ఆడే మూత పెట్టి, వెలుతురు పెంచి, కార్బన్ డయాక్సైడ్ అందిస్తే చక్కెర లేకుండానే మొక్కలు బలంగా పెరిగాయి. చక్కెర లేకపోతే బూజు బెడదా తగ్గుతుంది.

దీపమూ మారింది. 1991లో విస్కాన్సిన్ శాస్త్రవేత్తలు ఎర్ర ఎల్‌ఈడీల కింద లెట్యూస్ పెంచి చూపారు. 1993లో జపాన్ ఇంజనీరు నకమురా ప్రకాశవంతమైన నీలి ఎల్‌ఈడీని ఇచ్చాక ఎరుపు, నీలం పాళ్లను పంటకు తగ్గట్టు కలపడం వీలైంది. ట్యూబులు, చోక్‌లు వెదజల్లే వేడి తగ్గి ఏసీ భారమూ దిగింది. 2018లో రోజుకు 22 గంటల వెలుతురుతో గోధుమ, శనగల్లో ఏడాదికి ఆరు తరాల దాకా తీయవచ్చని తేలింది. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఈ వేగవంతమైన ప్రజననాన్ని శనగ, కందిపై చేపట్టింది. ఢిల్లీలో పుప్పొడితో అనుకోకుండా ఆదా అయిన సమయాన్నే ఈ పద్ధతి దీపంతో ఆదా చేస్తోంది.

మన అరటి ప్రయోగశాలల్లోకి ఎల్‌ఈడీ వస్తోంది, బిగించిన మూత మాత్రం అలాగే ఉంది. చక్కెర తిని పెరిగిన మొక్క ఆకుపై మైనపు పొర పలుచన, పత్రరంధ్రాలకు సరిగ్గా మూసుకోవడం రాదు. అందుకే దాన్ని పాలీహౌస్‌లో ప్రోట్రేల్లో, ఆపై షేడ్‌నెట్ కింద సంచుల్లో వారాల తరబడి బయటి గాలికి అలవాటు చేయాలి. చచ్చిపోయే మొక్కల్లో చాలావరకు ఈ దశలోనే పోతాయి. పద్ధతంతా ఒక్కసారిగా మార్చమని ఏ ప్రయోగశాలనూ అడగలేం, ఎంఎస్ వంటకం ఇచ్చే భరోసా అలాంటిది. వేళ్లు పుట్టించే ఆఖరి దశతో మొదలుపెట్టవచ్చు. అక్కడ చక్కెర తగ్గించి, గాలి ఆడే మూత పెట్టి, వెలుతురు పెంచి, రాయలసీమ వేసవిలో షేడ్‌నెట్ కింద ఎన్ని మొక్కలు నిలిచాయో పాత పద్ధతి మొక్కల పక్కన పెట్టి లెక్కించాలి. ఆ లెక్కలు విశ్వవిద్యాలయాల నివేదికల్లోనే ఆగిపోకుండా నర్సరీలకూ అరటి రైతులకూ తెలుగులో అందాలి.