సంతాన చికిత్స ఫలించని దంపతులు

ఐవీఎఫ్ వంటి చికిత్సలు చేయించుకున్నా పిల్లలు కలగని దంపతులు ఆ లోటును తట్టుకుని బతుకును మళ్లీ కుదుర్చుకోవడం వైద్యులూ మనస్తత్వ శాస్త్రవేత్తలూ పరిశోధిస్తున్న అంశం. 1978 జులై 25న ఇంగ్లండ్‌లో లూయీ బ్రౌన్, అదే ఏడాది అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ కృషితో దుర్గ ఐవీఎఫ్ ద్వారా పుట్టారు. అప్పటి నుంచి పిల్లలు లేనివారికి కొత్త ఆశ దొరికింది. ఎక్కడ ఆపాలన్న చిక్కూ దానితోనే వచ్చింది.

పిండాన్ని గర్భాశయంలో ఉంచిన సుమారు రెండు వారాలకు బీటా హెచ్‌సీజీ రక్తపరీక్ష చేస్తారు. నెగెటివ్ వస్తే 'ఇంకో సైకిల్ చూద్దాం' అన్న మాట మొదలవుతుంది. భారతదేశంలో 2021 నాటి చట్టం ఈ చికిత్సలకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్లను గరిష్ఠ వయసుగా పెట్టింది. చేతిలో డబ్బు, ఒంట్లో ఓపిక అంతదాకా నిలవవు కాబట్టి చాలామంది తమ గడువు తామే పెట్టుకోవలసి వస్తుంది.

మనిషి పోతే పరామర్శకు వస్తారు, దినం చేస్తారు. నిలవని పిండానికి అవేవీ లేవు. సమాజం గుర్తించని ఇలాంటి దుఃఖాన్ని అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ఒక ప్రత్యేక భావనగా వివరించాడు. తెలుగు ఇళ్లలో ఇది శుభకార్యాల నాడు మరీ గుచ్చుకుంటుంది. సీమంతానికి పిలిచినా, గాజులు తొడిగే ముత్తైదువల వరుసలోకి పిల్లలు కలగని స్త్రీని రమ్మననివారు ఇప్పటికీ ఉన్నారు. లోపం భర్త వీర్యంలో ఉందని రిపోర్టు చెప్పినా గొడ్రాలన్న మాట పడేది భార్యే. ఇది పచ్చి అన్యాయం.

బాధపడే తీరు ఇద్దరిదీ ఒకటి కాకపోవచ్చు. ఒకరు పదేపదే మాట్లాడాలనుకుంటే, మరొకరు పనిలో తలదూర్చి ఆ ఊసే ఎత్తరు. ఐదేళ్లు చికిత్స ఫలించని దంపతులపై డెన్మార్క్‌లో జరిగిన అధ్యయనంలో, గర్భిణులకూ పిల్లలకూ దూరంగా తప్పించుకు తిరిగేవారిలో మనోవేదన ఎక్కువగా కనిపించింది. అలాగని ప్రతి బారసాలకూ వెళ్లి తీరాలని కాదు. ఏ పిలుపుకు వెళ్లాలో, ఎవరికి ఏం చెప్పాలో ఇద్దరూ ముందే అనుకుంటే కొంత భారం తగ్గుతుంది. చికిత్సాలయాలు కౌన్సెలింగ్ ఇవ్వాలని 2021 చట్టం చెబుతోంది. చికిత్స మానేశాకే దాని అవసరం ఎక్కువ.

'పోనీ, ఒకరిని పెంచుకోండి' అన్న సలహా తొందరగానే వస్తుంది. దత్తత వేరే నిర్ణయం, దుఃఖానికి మందు కాదు. కాకపోతే దానికీ వయసు లెక్క ఉంది. 2022 నిబంధనల ప్రకారం రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే దంపతుల వయసులు కలిపి 85 దాటకూడదు. పిల్లలు లేకుండానే ఉండిపోదామనుకునేవారూ ఉన్నారు. దత్తతకు వెళ్లేవారికి ఇచ్చే గౌరవమే వారికీ దక్కాలి.