బోరుబావి నుంచి కంప్యూటర్ దాకా: కర్నూలు, కడప జిల్లాల్లో కరెంటు నాణ్యత

కర్నూలు, కడప జిల్లాల్లో ఇంటి కంప్యూటర్లను నాసిరకం కరెంటు బారినుంచి కాపాడుకునే ఏర్పాట్లు ఎలా వచ్చాయో తెలుసుకోవాలంటే, ముందుగా ఆ జిల్లాల్లో బోరుబావుల లోతు ఎలా పెరిగిందో చూడవలసి ఉంటుంది. తీగలో కరెంటును ముందుకు తోసే పీడనాన్ని వోల్టేజీ అంటారు. ఇంటి మీటరు దగ్గర అది ఎంత ఉంటుందన్నది విద్యుత్ కేంద్రం సామర్థ్యాన్ని బట్టి కన్నా, అదే తీగ మీద ఇంకెవరెవరు ఆధారపడి ఉన్నారన్నదాన్ని బట్టే ఎక్కువగా తేలుతుంది. ఈ రెండు జిల్లాల మెట్ట పల్లెల్లో ఆ తీగకు అసలు వినియోగదారు పంపుసెట్టు. టీవీ, ఫ్రిజ్, కంప్యూటర్ దాని తరువాత వచ్చి చేరినవే.

అప్పట్లో ఈ జిల్లాలను పాలించిన మద్రాసు ప్రభుత్వం 1927లో విద్యుత్ శాఖను నెలకొల్పి, 1932లో పైకారా, 1937లో మెట్టూరు జలవిద్యుత్ కేంద్రాలను ప్రారంభించినా, వాటి ఫలం ప్రధానంగా తమిళ జిల్లాలకే దక్కింది. దత్తమండలానికి, అంటే నేటి రాయలసీమకు, చెప్పుకోదగ్గ స్థాయిలో దగ్గరి జలవిద్యుత్తు 1957లో తుంగభద్ర కేంద్రాలు మొదలైన తరువాతే అందుబాటులోకి వచ్చింది. 1959 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. ఆ తరువాత కథ విచిత్రమైనది. అప్పటి కర్నూలు జిల్లా గట్టునే శ్రీశైలం కుడిగట్టు కేంద్రం 1982లో ఉత్పత్తి మొదలుపెట్టి 770 మెగావాట్లకు ఎదిగింది. కడప జిల్లా ముద్దనూరు సమీపాన కలమళ్ల వద్ద రాయలసీమ థర్మల్ కేంద్రం 1994లో 210 మెగావాట్ల తొలి యూనిట్‌తో మొదలై, కాలక్రమంలో 1,650 మెగావాట్లకు చేరింది. ఇంత విద్యుత్తు పుట్టే జిల్లాల్లో సాయంత్రం బల్బు ఎర్రగా మిణుకుమనడానికి ఉత్పత్తి కొరత ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. చిక్కు చివరి మూడు నాలుగు కిలోమీటర్ల తీగలో ఉండేది.

చెరువులు, దిగుడుబావుల మీద బతికిన ఈ మెట్ట ప్రాంతంలో మోటలు పోయి కరెంటు మోటార్లు వచ్చిన తొలి దశలో, నీరు పైపైనే ఉండేది కనుక చిన్న మోటార్లు సరిపోయేవి. 1980ల నుంచి బోరు యంత్రాలు ఊరూరా తిరగడంతో వ్యవహారం మారింది. పులివెందుల, వేంపల్లె వైపు చీనీ (బత్తాయి) తోటలు, రైల్వే కోడూరు వైపు మామిడి, అరటి తోటలు బోర్లనే నమ్ముకోగా, కర్నూలు జిల్లాలో కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద ఉన్న నంద్యాల ప్రాంతం కొంత మేలనిపించుకున్నా, డోన్, పత్తికొండ ప్రాంతాలకు ఆ భాగ్యం లేకపోయింది. అదే నీటిని 100 అడుగుల నుంచి కాక 500 అడుగుల నుంచి పైకి తేవాలంటే అయిదింతల శక్తి కావాలి. కాబట్టి కరువు వచ్చిన ప్రతిసారీ బోరు లోతు పెరిగింది, బోరుతోపాటు మోటారు హార్స్‌పవర్ పెరిగింది, తీగ మాత్రం పాతదే మిగిలింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వ్యవసాయ కనెక్షన్‌కు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల చొప్పున స్థిర రుసుము నిర్ణయించింది. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజునే ఉచిత విద్యుత్ ఫైలు మీద సంతకం చేశారు. ఎండిన చేనుకు ఈ నిర్ణయాలు ఊపిరి పోశాయన్నది కాదనలేని సత్యమే అయినా, వాడకాన్ని కొలిచే మీటరు పక్కకు తప్పుకోవడంతో, ఏ తీగ మీద ఎంత భారం పడుతున్నదో లెక్కగట్టే ఆధారం కూడా పోయింది.

ఆ భారం ఇంటి గోడలోని ప్లగ్గు దాకా ఎలా వస్తుందో కొంచెం వివరంగా చూడాలి. 5 హార్స్‌పవర్ల సబ్‌మెర్సిబుల్ మోటారు నడుస్తున్నప్పుడు ఒక్కో ఫేజు మీద సుమారు 10 ఆంపియర్ల కరెంటును లాగితే, ఆగి ఉన్న స్థితి నుంచి తిరగడం మొదలుపెట్టే కొద్ది క్షణాల్లో అందుకు అయిదారు రెట్లు లాగుతుంది. 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ పూర్తి సామర్థ్యం సుమారు 135 ఆంపియర్లే కనుక, మూడు మోటార్లు ఒకేసారి మొదలైతే చాలు, దాని హద్దు దాటిపోతుంది. త్రీ ఫేజు కరెంటు రోజుకు కొన్ని గంటలే, అదీ తరచు రాత్రివేళ వచ్చేది కనుక, రైతు చేలో కాపలా ఉండలేక ఆటో స్టార్టర్ బిగించి ఇంటికి వచ్చేవాడు. కరెంటు రాగానే ఫీడర్, అంటే సబ్‌స్టేషన్ నుంచి కరెంటు తెచ్చే లైను, పొడవునా ఉన్న మోటార్లన్నీ ఏకకాలంలో లేచేవి. నడుస్తున్న మోటారు వోల్టేజీ తగ్గినకొద్దీ ఎక్కువ కరెంటును లాగుతుంది, ఆ కరెంటు వల్ల వోల్టేజీ మరింత పడుతుంది. ఇది తనను తాను పెంచుకునే జబ్బు. అప్పటి భారత విద్యుత్ నియమావళి ఇళ్లకిచ్చే వోల్టేజీలో 6 శాతానికి మించి హెచ్చుతగ్గులు ఉండరాదన్నది, అంటే 230 వోల్టుల లెక్కన 216 నుంచి 244 లోపల ఉండాలి. తీగ చివరి ఇళ్లలో అది 160, 170కి దిగేది. ఆ లోటును పూడ్చడానికి ట్రాన్స్‌ఫార్మర్ ట్యాపును, అంటే చుట్ల సంఖ్యను మార్చే అమరికను, పై మెట్టుకు పెడితే, మోటార్లు ఆగిన తరువాత అదే ఇంటికి 250కి మించి వోల్టేజీ వచ్చేది. మోటార్లు నడిచేటప్పటి లోవోల్టేజీకీ అవి ఆగాక వచ్చే హైవోల్టేజీకీ మూలం ఒక్కటే.

ఈ తిప్పలను మొదట గుర్తించినవారు టీవీ కొన్నవారు. 1984లో దూరదర్శన్ తక్కువ శక్తి ప్రసార కేంద్రాలను దేశమంతటా విస్తరించిన తరువాత, టీవీతోపాటే వోల్టేజీని సరిదిద్దే స్టెబిలైజర్ కూడా సీమ ఇళ్లలోకి వచ్చింది. 1977లో కొచ్చిలో కొచౌసేఫ్ చిట్టిలపిళ్లి ప్రారంభించిన వీ-గార్డ్ వంటి స్టెబిలైజర్ సంస్థల ఎదుగుదల దక్షిణాది కరెంటు తీరుకు ఒక సాక్ష్యం. స్టెబిలైజర్ లోపల ఉన్నది ఆటో ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్లను మార్చే రిలేలు మాత్రమే. కాలిన మోటార్లకు తీగ చుట్టే వైండింగ్ పనివాడికి అది కొత్త వస్తువు కాదు.

కంప్యూటర్ వచ్చేసరికి ఆ పెట్టె చాలకపోయింది. 1984 నవంబరు నాటి కేంద్ర కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించాక కంప్యూటర్లు మొదట బ్యాంకుల్లో, కళాశాలల్లో కనిపించాయి. 1980ల మధ్యనాటికి కడపలో కె.ఎస్.ఆర్.ఎం., కర్నూలులో జి. పుల్లారెడ్డి ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి. తరువాతి దశాబ్దపు చివర డీటీపీ కేంద్రాలు, ఇంటర్నెట్ సెంటర్లు, ఆ వెనుక ఇళ్లు కంప్యూటర్లను కొన్నాయి. కంప్యూటర్‌లోని ఎస్‌ఎంపీఎస్, అంటే గోడ కరెంటును తక్కువ వోల్టేజీల ఏకముఖ కరెంటుగా మార్చే విభాగం, సాధారణంగా 180 నుంచి 264 వోల్టుల దాకా తట్టుకున్నా, కరెంటు పూర్తిగా ఆగితే సెకనులో సుమారు యాభయ్యో వంతు మాత్రమే నిలుస్తుంది. హైవోల్టేజీ రాగానే టక్కున కట్టేసే టీవీ స్టెబిలైజర్ టీవీకి రక్షకుడే గాని, రాస్తున్న ఫైలు భద్రం చేయని కంప్యూటర్‌కు అదే శత్రువయింది. సరిగా ఆగని విండోస్ 98 మళ్లీ తెరిచినప్పుడు డిస్క్ తనిఖీ చేస్తూ కూర్చోవడం ఆనాటి వాడకందార్లకు బాగా తెలిసిన దృశ్యం.

అందుకు మందుగా వచ్చిన యూపీఎస్, అంటే బ్యాటరీ నుంచి తక్షణం కరెంటు అందించే పెట్టె, సీమలో సగమే పనిచేసింది. చవక యూపీఎస్ 170 వోల్టుల దిగువ కరెంటును కరెంటు లేనట్టే లెక్కగట్టి బ్యాటరీకి మారేది. గోడలో కరెంటు ఉండగానే అది కీచుమని మొత్తుకుంటూ పావుగంటలో ఖాళీ అయ్యేది, లోవోల్టేజీ పోయేదాకా మళ్లీ నిండేది కాదు. కాబట్టి ముందు స్టెబిలైజర్, వెనుక యూపీఎస్ పెట్టే పద్ధతి పుట్టింది. తరువాత స్టెబిలైజర్‌ను తనలోనే ఇముడ్చుకున్న లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ ఆ రెండింటినీ ఒకటి చేసింది. రెండో శత్రువు ఎండ. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల అదనపు వేడికి దాదాపు సగమవుతుందని ఇంజనీర్లు లెక్క వేస్తారు; 42, 43 డిగ్రీల కర్నూలు వేసవిలో చిన్న గదిలోని బ్యాటరీ అట్టమీద రాసినంత కాలం నిలవకపోవడంలో వింత లేదు. రాయలసీమలోనే, తిరుపతి దగ్గరి కరకంబాడిలో 1985లో గల్లా రామచంద్రనాయుడు స్థాపించిన అమరరాజా సంస్థ యూపీఎస్ బ్యాటరీలకు పేరు తెచ్చుకోవడం ఈ కథకు చెందిన మరో ముక్క. ఇన్వర్టర్ కొన్నవారికి ఇంకొక తిరకాసు ఉండేది: దాని మీటను యూపీఎస్ స్థానానికి జరపకపోతే, మారే వ్యవధి ఎక్కువై లైట్లు వెలిగినా కంప్యూటర్ మాత్రం మొదటికొచ్చేది.

అసలైన విధ్వంసం మాత్రం లోవోల్టేజీ వల్ల జరగలేదు. త్రీ ఫేజు లైనులో న్యూట్రల్ తీగ తెగినా, జాయింటు వదులైనా, ఒక ఇంటికి వోల్టేజీ పడిపోతే పక్క ఇంటికి 400 దాకా ఎగబాకవచ్చు. వీధిలోని టీవీలు, కంప్యూటర్లు ఒకే పూట మాడిపోయిన సంఘటనల వెనుక చాలాసార్లు ఉండేది ఇదే. సర్జ్, అంటే సెకనులో లక్షో వంతు కాలంలో వచ్చిపోయే ఉప్పెన, పిడుగుల వల్లా వస్తుంది. ఏప్రిల్, మే నెలల ఉరుములవానల్లో అది టెలిఫోన్ తీగ వెంట మోడెమ్ దాకా కూడా వచ్చేది. దాన్ని మింగడానికి స్పైక్ గార్డులలో జింక్ ఆక్సైడ్‌తో చేసిన వారిస్టర్ బిళ్లలు ఉంటాయి. ఆ బిళ్ల క్షణకాలపు ఉప్పెనను ఆపగలదు గాని నిమిషాలపాటు నిలిచే 400 వోల్టులకు అదే కాలిపోతుంది. పైగా ఉప్పెనను భూమిలోకి మళ్లించాలంటే మంచి ఎర్తింగు కావాలి, ఎర్తింగుకు తడి కావాలి. ఉప్పు, బొగ్గు వేసి పైపు పాతిన గొయ్యి నల్లరేగడిలో కొంత మేలుగా పనిచేసినా, నాపరాతి పొరలున్న బేతంచెర్ల, జమ్మలమడుగు ప్రాంతాల్లో వేసవికి పొడిబారి పేరుకే మిగిలేది. ఆ గోతిలో వారానికోసారి బిందెడు నీళ్లు పోయమని ఎలక్ట్రీషియన్ చెప్పేవాడు. తాగునీటికి ట్యాంకరు కోసం ఎదురుచూసే వీధిలో ఆ మాట ఎంతమంది పాటించి ఉంటారో ఊహించుకోవచ్చు. ఇక్కడా సమస్య నీటి దగ్గరికే వచ్చింది.

పరిస్థితి పలు దిక్కుల నుంచి మారింది. 1999 ఫిబ్రవరి 1న విద్యుత్ బోర్డు చీలి, 2000 ఏప్రిల్ 1న పంపిణీ కంపెనీలు ఏర్పడ్డాయి. కడప తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ కంపెనీకి, కర్నూలు హైదరాబాదు కేంద్రంగా ఉన్న మధ్య కంపెనీకి వెళ్లి, 2014 రాష్ట్ర విభజన తరువాతే రెండూ ఒకే గొడుగు కిందికి వచ్చాయి. 1990లలో దక్షిణ గ్రిడ్ ఫ్రీక్వెన్సీ, ఉండవలసిన 50 హెర్ట్జ్‌కు చాలా దిగువన నడిచేది. 2003 జనవరి 1న, ఫ్రీక్వెన్సీ పడినప్పుడు అదనంగా లాగిన కరెంటుకు ఎక్కువ ధర కట్టే అందుబాటు ఆధారిత ధరల విధానం వచ్చాక అది కుదుటపడింది. పొలాల దాకా 11 కేవీ తీగనే లాగి కొద్ది మోటార్లకొక చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టే పద్ధతి, వ్యవసాయ ఫీడర్లను ఊరి ఫీడర్ల నుంచి వేరుచేయడం, ఈ రెండూ ఏ యూపీఎస్ చేయలేని మేలు చేశాయి. 2012, 2013 నాటి తీవ్రమైన కోతలు ఇన్వర్టర్ల అమ్మకాన్ని పెంచినా, అప్పటికే ఇంకో మార్పు మొదలైంది: 2008లో ఇడుపులపాయలో ఆరంభమైన ట్రిపుల్ ఐటీ తన విద్యార్థులకు ల్యాప్‌టాప్‌లు ఇచ్చింది. బ్యాటరీని తనలోనే పెట్టుకుని, 100 నుంచి 240 వోల్టుల మధ్య దేనితోనైనా నడిచే ఆ యంత్రం, సీమ కరెంటుకు సరిపడేట్టు చేసిన మొదటి కంప్యూటర్ అనిపిస్తుంది, అలా చేసినవారికి సీమ పేరు కూడా తెలియకపోయినా.

ఈ చరిత్రకు ఆధారాలు కంపెనీల ప్రకటనల్లో దొరకవు. ప్రతి సబ్‌స్టేషన్‌లో గంటగంటకూ వోల్టేజీని, ఫీడర్ కరెంటును చేతితో రాసిన లాగ్ పుస్తకాలు ఉండేవి. మండలాల వర్షపాతం, భూగర్భజల మట్టం లెక్కల పక్కన వాటిని పెట్టి చదివితే ఒక కరువు సంవత్సరం ఇంటి ప్లగ్గు దాకా ఎలా నడిచివచ్చిందో తేదీలతో సహా తెలుస్తుంది. జిల్లా చరిత్రలు రాసేవారు, విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఆ పుస్తకాలు చిత్తుకాగితాల కింద పోకముందే సేకరించి భద్రపరచాలి.