మలేషియా అవతరణ: సమ్మతికి ఎదురైన పరీక్ష

ఒక రాజ్యసమాఖ్య తన సరిహద్దులను పెంచుకోదలచినప్పుడు రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. బయటి శక్తులు ఏమంటాయన్నది మొదటిది. చేరబోయే ప్రజలు ఏమంటారన్నది రెండవది. పాలకులు సాధారణంగా మొదటి ప్రశ్నతోనే సతమతమవుతారు. కాని సమాఖ్య ఆయుర్దాయాన్ని నిర్ణయించేది రెండవదే. 1963లో మలేషియా అవతరించిన తీరు ఇందుకు చక్కని నిదర్శనం.

మలయా 1957 ఆగస్టు 31న స్వతంత్రమైంది. నాలుగేండ్లు తిరగకముందే, 1961 మే 27న, ప్రధాని టుంకు అబ్దుర్రహ్మాన్ సింగపూరులో విదేశీ విలేఖరుల సమావేశంలో ఒక సూచన చేశారు. మలయా, సింగపూరు, సరవాక్, ఉత్తర బోర్నియో, బ్రునైలు సన్నిహితం కావాలన్నదే ఆ సూచన సారాంశం. సింగపూరు కమ్యూనిస్టుల వశం కాగలదన్న భయం ఆయనకు ఉండేది. ఆ ద్వీపాన్ని మాత్రమే చేర్చుకుంటే చైనీయుల సంఖ్య పెరిగి మలయుల ప్రాబల్యం తగ్గుతుందన్న సందేహమూ ఉండేది. బోర్నియో ప్రాంతాలు చేరితే ఆ తూకం సరిపోతుందని భావించారు.

బయటివారి లెక్కలు వేరు. బ్రిటన్ వలసలను వదులుకోవటానికి సిద్ధపడినా, సింగపూరులోని సైనిక స్థావరాన్ని వదులుకోదలచలేదు. అందువల్ల ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో ఈ పథకాన్ని నవీన వలసవాదమని నిందించారు. ఫిలిప్పైన్స్ 1962లో ఉత్తర బోర్నియో తనదేనని ప్రకటించింది. 1878లో సూలూ సుల్తాను ఆ భూభాగం విషయమై ఐరోపా వర్తకులతో చేసుకున్న ఒప్పందమే దీనికి ఆధారం. మలయు భాషలో ఉన్న ఆ పత్రంలోని 'పజక్' అన్న మాటకు కౌలు అని ఒకరు, శాశ్వతంగా ఇచ్చివేయటమని మరొకరు అర్థం చెప్పుకున్నారు. ఒక్క మాట అనువాదంపై రెండు దేశాల వాదం నిలిచింది!

ఈ ఒత్తిళ్ళ నడుమ ప్రజాభిప్రాయం తెలుసుకొనుటకు 1962లో కాబల్డ్ కమిషన్ సరవాక్, ఉత్తర బోర్నియోలలో పర్యటించింది. సుమారు మూడవవంతు మంది పథకాన్ని గట్టిగా సమర్థించారనీ, మరొక మూడవవంతు రక్షణలు కోరుతూ అంగీకరించారనీ, మిగిలినవారిలో కొందరు ముందు స్వాతంత్ర్యం కావాలన్నారనీ, కొందరు బ్రిటిషు పాలనే కొనసాగాలన్నారనీ అది తెలిపింది. ఆ షరతులను తోసిపుచ్చలేదు. వలసల నియంత్రణ, భాష, మతం ఇత్యాది విషయాలలో ప్రత్యేక రక్షణలు లిఖితపూర్వకంగా లభించాయి. ఇస్లాం సమాఖ్య మతంగా ఉన్నప్పటికీ, ముస్లిమేతరులు అధికంగా గల ఆ రాష్ట్రాలకు అప్పుడు రాష్ట్రమతాన్ని విధించలేదు. షూరా అనగా సంప్రదింపు. సంఖ్యలో చిన్నవారి మాటకూ అందులో విలువ ఉండాలని ఎరిగినవారికి ఇది గమనార్హం.

బ్రునై కథ మరొక విధంగా నడిచింది. 1962 డిసెంబరు 8న అక్కడ తిరుగుబాటు చెలరేగింది. బ్రిటిషు సేనలు దానిని అణచివేశాయి. తరువాత చమురు ఆదాయం, సుల్తాను హోదా విషయాలపై సంప్రదింపులు ఫలించక బ్రునై బయటనే ఉండిపోయి, 1984 జనవరి 1న విడిగా స్వతంత్రమైంది.

1963 జూలై 31న మనీలాలో మూడు దేశాల నాయకులు ఒక ఒడంబడికకు వచ్చారు. బోర్నియో ప్రజల సమ్మతిని ఐక్యరాజ్యసమితి నిర్ధారిస్తే మలేషియాను స్వాగతిస్తామని ఇండోనేషియా, ఫిలిప్పైన్స్ అంగీకరించాయి. అయితే సమితి బృందం ఇంకా పని ముగించకముందే సెప్టెంబరు 16న అవతరణ జరుగునని మలయా ప్రకటించింది. అధిక సంఖ్యాకుల సమ్మతి ఉన్నదనే సమితి తేల్చినా, ఈ తొందర ప్రత్యర్థులకు సాకు అయింది. ముస్లిములు అధికంగా ఉండి, దాదాపు ఒకే భాష మాట్లాడే రెండు దేశాలు బోర్నియో అడవులలో ఆయుధాలతో తలపడ్డాయి. 1966 ఆగస్టు 11న గాని సంధి కుదరలేదు. మతబంధమూ భాషాబంధమూ ఉన్నంత మాత్రాన రాజకీయ విశ్వాసం దానంతట అది కలుగదు.

విచిత్రమేమంటే బయటి దాడిని తట్టుకున్న సమాఖ్య లోపలి అవిశ్వాసాన్ని తట్టుకోలేకపోయింది. సింగపూరులో 1962లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో చేరిక ఏ విధంగా ఉండాలన్నదే అడిగారు గాని, చేరిక వద్దనే అవకాశం ఇవ్వలేదు. నాలుగవవంతు ఓటర్లు ఖాళీ పత్రాలే వేశారు. పార్లమెంటులోని 159 స్థానాలలో సింగపూరుకు దక్కినవి 15 మాత్రమే. జనసంఖ్యలో అంతకంటె చిన్నవైన సరవాక్‌కు 24, సబాగా మారిన ఉత్తర బోర్నియోకు 16 లభించాయి. విద్య, కార్మిక విషయాలలో స్వయంప్రతిపత్తికి అది బదులు. 1964 జూలై 21న ప్రవక్త (స) జన్మదిన ఊరేగింపు వేళ మలయులకూ చైనీయులకూ మధ్య ఘోరమైన అల్లర్లు జరిగాయి. 1965 ఆగస్టు 9న సింగపూరు సమాఖ్య నుండి విడిపోయింది.

సరవాక్, సబాలు నిలిచాయి. అయినా అవి తమ షరతులను మరువలేదు. 1976 రాజ్యాంగ సవరణ వాటిని ఇతర రాష్ట్రాలతో ఒకే వరుసలో చేర్చగా, ఆ అసంతృప్తి దశాబ్దాలు కొనసాగింది. 2021 డిసెంబరులో పార్లమెంటు మరొక సవరణతో 1963 నాటి ఒప్పందాన్ని తిరిగి రాజ్యాంగంలో గుర్తించింది.

పెద్ద శక్తుల పోటీ సమాఖ్యకు అవకాశాన్ని ఇవ్వవచ్చు, ఆటంకమూ కలిగించవచ్చు. దానిని నిలబెట్టేది మాత్రం చేరినవారిని నిజంగా అడగటం, ఇచ్చిన మాటను ఏండ్లు గడచినా చెల్లించటం. అడగటంలో లోపం జరిగినచోట సమాఖ్య రెండేండ్లకే విడిపోయింది. మాట తప్పినచోట అర్ధశతాబ్ది తరువాతనైనా సరిదిద్దుకోవలసి వచ్చింది.