జర్మనీ వృత్తి శిక్షణార్థుల విదేశీ పని అనుభవం: చట్టంలో తొమ్మిది నెలలు, ఆచరణలో కొన్ని వారాలు

జర్మనీలో వృత్తి శిక్షణ పొందుతున్న యువతీ యువకులు తమ శిక్షణలో కొంత భాగాన్ని మరో దేశంలోని సంస్థలో పూర్తి చేసేందుకు అక్కడి చట్టం అనుమతిస్తుంది. మూడేళ్ల శిక్షణలో గరిష్ఠంగా తొమ్మిది నెలల వరకు ఇలా విదేశంలో పనిచేయవచ్చు. ఆ రోజులు సెలవు కిందకు రావు. శిక్షణలో భాగంగానే లెక్కకు వస్తాయి. నెలవారీ భత్యం కూడా ఆగదు. అయినప్పటికీ ఈ అవకాశాన్ని వినియోగించుకుంటున్నవారు తక్కువ. వెళ్లినవారిలోనూ ఎక్కువ మంది కొన్ని వారాలకే తిరిగి వస్తున్నారు. చట్టానికీ ఆచరణకూ మధ్య ఈ అంతరం ఎందుకు ఏర్పడిందో తెలియాలంటే ముందుగా జర్మన్ శిక్షణ విధానం ఎలా పనిచేస్తుందో చూడాలి.

ఒప్పందంతో మొదలయ్యే చదువు

జర్మనీ వృత్తి విద్యను ‘ద్వంద్వ విధానం’ అంటారు. శిక్షణార్థి వారంలో మూడు నాలుగు రోజులు ఒక సంస్థలో పనిచేస్తూ నేర్చుకుంటాడు; మిగిలిన ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలకు వెళతాడు. కొన్ని వృత్తుల్లో పాఠశాల తరగతులు వారాల తరబడి ఒకేసారి జరుగుతాయి. శిక్షణ కాలం వృత్తిని బట్టి రెండేళ్ల నుంచి మూడున్నరేళ్ల వరకు ఉంటుంది. ప్రభుత్వ గుర్తింపు పొందిన వృత్తులు దాదాపు 330 ఉండగా, సుమారు 12 లక్షల మంది ఈ విధానంలో శిక్షణ పొందుతున్నారు. వాడుక భాషలో వీరిని ‘అట్సుబి’లు అంటారు.

మన దేశంలో విద్యార్థి ముందుగా కళాశాలలో చేరి, ఆ తరువాత శిక్షణ కోసం సంస్థను వెదుక్కోవడం సాధారణం. జర్మనీలో ముందు సంస్థ దొరకాలి. శిక్షణార్థి సంస్థతో రాతపూర్వక ఒప్పందం చేసుకుంటాడు. అది స్థానిక పరిశ్రమలు-వాణిజ్య మండలిలో గానీ, చేతివృత్తుల మండలిలో గానీ నమోదవుతుంది. తుది పరీక్ష నిర్వహించేదీ, ధ్రువపత్రం ఇచ్చేదీ ఆ మండలే. సంస్థ ప్రతి నెలా భత్యం చెల్లిస్తుంది. 2020లో కనీస శిక్షణ భత్యాన్ని తొలిసారిగా చట్టబద్ధం చేసినప్పుడు మొదటి ఏడాదికి నెలకు 515 యూరోలుగా నిర్ణయించారు. ఆ తరువాత అది పెరుగుతూ, 2025లో శిక్షణ ప్రారంభించినవారికి 682 యూరోలకు చేరింది.

ఈ విధంగా శిక్షణార్థి ఏకకాలంలో విద్యార్థీ, ఉద్యోగీ కూడా. విదేశీ ప్రయాణానికి సంబంధించిన చిక్కులన్నీ ఈ ద్విపాత్ర నుంచే పుడతాయి. విశ్వవిద్యాలయ విద్యార్థి ఒక సెమిస్టరు వేరే దేశానికి వెళితే తరగతి గదిలో ఒక కుర్చీ ఖాళీ అవుతుంది. శిక్షణార్థి వెళితే కార్యశాలలో పనిచేసే ఒక మనిషి తగ్గుతాడు.

పాత సంప్రదాయం, కొత్త చట్టం

పని నేర్చుకోవడానికి ఊరు విడిచి వెళ్లడం జర్మన్ సమాజానికి కొత్త కాదు. మధ్యయుగాల నుంచి కొనసాగుతున్న ‘వాల్ట్స్’ అనే ఆచారం ప్రకారం, శిక్షణ పూర్తి చేసిన వడ్రంగులు, తాపీ మేస్త్రులు, ఇంటికప్పులు వేసే పనివారు మూడేళ్ల ఒక రోజు పాటు ఊరూరా తిరుగుతూ పనిచేస్తారు. ఆ కాలంలో స్వస్థలానికి 50 కిలోమీటర్ల లోపు రాకూడదన్నది నియమం. నల్లని దుస్తులు, వెడల్పు అంచు టోపీ, చేతికర్రతో వీరు నేటికీ అక్కడక్కడా కనిపిస్తారు. 2014లో ఈ ఆచారానికి జర్మనీ జాతీయ అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చోటు లభించింది.

అయితే వాల్ట్స్ శిక్షణ ముగిసిన తరువాత చేసే యాత్ర. శిక్షణ మధ్యలోనే విదేశంలో పనిచేసే వీలును స్పష్టంగా కల్పించింది 2005 నాటి చట్ట సవరణ. 1969లో వచ్చిన వృత్తి శిక్షణ చట్టాన్ని ఆ ఏడాది సమగ్రంగా సవరించి, మొత్తం శిక్షణ కాలంలో నాలుగో వంతు మించకుండా విదేశంలో పూర్తి చేయవచ్చని చేర్చారు. అంటే రెండేళ్ల శిక్షణలో 6 నెలలు, మూడేళ్ల శిక్షణలో 9 నెలలు, మూడున్నరేళ్ల శిక్షణలో పదిన్నర నెలలు. విదేశంలో చేసే పని శిక్షణ లక్ష్యానికి ఉపయోగపడేదై ఉండాలన్నది ఏకైక ప్రధాన షరతు.

ఈ నిబంధన ఫలితంగా విదేశంలో ఉన్నంత కాలం శిక్షణ ఒప్పందం యథాతథంగా కొనసాగుతుంది. భత్యం, సామాజిక బీమా, ఇతర హక్కులు మారవు. నర్సింగ్ వంటి కొన్ని శిక్షణలు వేరే చట్టాల పరిధిలోకి వస్తాయి కనుక వాటికి ప్రత్యేక నియమాలు ఉంటాయి.

ఖర్చు ఎవరు భరిస్తారు

ప్రధాన ఆధారం ఐరోపా సమాఖ్య నిర్వహించే ఎరాస్మస్ ప్లస్ పథకం. 1987లో ఎరాస్మస్ మొదలైనప్పుడు అది విశ్వవిద్యాలయ విద్యార్థులకే పరిమితం. వృత్తి శిక్షణకు సంబంధించిన లియొనార్డో డావించి పథకం 1995లో అమలులోకి వచ్చింది. 2014 నుంచి ఈ పథకాలన్నీ ఎరాస్మస్ ప్లస్ పేరుతో ఒకే గొడుగు కిందకు వచ్చాయి. 2021–2027 కాలానికి దీని బడ్జెట్ 2,600 కోట్ల యూరోలకు పైగా ఉంది.

శిక్షణార్థులకు ఇందులో రెండు మార్గాలున్నాయి. మొదటిది 10 నుంచి 89 రోజుల స్వల్పకాల పర్యటన. రెండవది ‘ఎరాస్మస్ ప్రో’ అని పిలిచే దీర్ఘకాల పర్యటన. ఇది 90 రోజుల నుంచి 12 నెలల వరకు ఉండవచ్చు. శిక్షణ పూర్తయిన ఏడాది లోపు కూడా పాల్గొనవచ్చు. ప్రయాణ దూరాన్ని బట్టి రవాణా ఖర్చు, ఆతిథ్య దేశంలోని జీవన వ్యయాన్ని బట్టి రోజువారీ సహాయం అందుతాయి. వైకల్యం ఉన్నవారికి, ఆర్థికంగా వెనుకబడినవారికి అదనపు సహాయం ఉంటుంది.

వ్యక్తులు ఈ నిధులకు నేరుగా దరఖాస్తు చేసుకోలేరు. వృత్తి పాఠశాల, మండలి, సంస్థ లేదా ఇతర అర్హత గల సంఘం ప్రాజెక్టుగా నిధులు పొంది శిక్షణార్థులను పంపుతుంది. జర్మనీలో ఈ బాధ్యతను బాన్ నగరంలోని సమాఖ్య వృత్తి విద్యా సంస్థకు అనుబంధంగా ఉన్న జాతీయ ఏజెన్సీ నిర్వహిస్తోంది.

ఎరాస్మస్ ప్లస్ పరిధి వెలుపలి దేశాల కోసం జర్మన్ ప్రభుత్వం 2017లో ‘ఆవుస్‌బిల్డుంగ్ వెల్ట్‌వైట్’ అనే పథకం ప్రారంభించింది. ‘ప్రపంచవ్యాప్త శిక్షణ’ అని దీని అర్థం. దీని కింద మూడు వారాల నుంచి మూడు నెలల వరకు సహాయం లభిస్తుంది. ఫ్రాన్స్‌తో ఇచ్చిపుచ్చుకునే పర్యటనలకు సార్‌బ్రుకెన్‌లో ప్రో టాండెమ్ అనే ఉమ్మడి సంస్థ పనిచేస్తోంది. దీని మూలాలు 1980 నాటి ఫ్రాన్స్–జర్మనీ ఒప్పందంలో ఉన్నాయి.

ప్రయాణానికి ముందు

శిక్షణార్థి ముందుగా తన సంస్థ సమ్మతి పొందాలి. వృత్తి పాఠశాల నుంచీ అనుమతి అవసరం. పాఠశాల విద్య 16 రాష్ట్రాల అధికార పరిధిలో ఉన్నందున హాజరు మినహాయింపు నియమాలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి. తప్పిపోయిన పాఠాలను తిరిగి వచ్చాక స్వయంగా చదువుకోవాలి. ఎనిమిది వారాలు దాటే పర్యటనకు సంబంధిత మండలితో సంప్రదించి శిక్షణ ప్రణాళికను ఖరారు చేసుకోవాలి. 2020 సవరణకు ముందు ఈ పరిమితి నాలుగు వారాలే.

పంపే సంస్థ, ఆతిథ్య సంస్థ, శిక్షణార్థి కలసి ఒక అభ్యసన ఒప్పందంపై సంతకం చేస్తారు. ఏ పనులు నేర్పాలి, పర్యవేక్షకుడు ఎవరు, పనివేళలు ఏమిటి అన్న వివరాలు అందులో ఉంటాయి. ఆరోగ్య, ప్రమాద, బాధ్యతా బీమా పత్రాలు సరిచూసుకోవాలి. ఐరోపా సమాఖ్య దేశాల్లో చికిత్సకు ఉపయోగపడే ఆరోగ్య బీమా కార్డు జర్మన్ బీమా కార్డు వెనుక వైపునే ముద్రితమై ఉంటుంది. 18 ఏళ్లు నిండనివారికి తల్లిదండ్రుల అంగీకారం తప్పనిసరి. రోజువారీ పనిని నమోదు చేసే శిక్షణ పుస్తకాన్ని విదేశంలోనూ కొనసాగించాలి.

సమయం ఎంపిక కూడా ముఖ్యమే. మొదటి ఏడాదిలో పనిపై పట్టు ఉండదు. చివరి ఏడాది పరీక్షల ఒత్తిడి ఉంటుంది. అందువల్ల రెండో ఏడాది అనువైనదిగా భావిస్తారు.

అక్కడ ఏం నేర్చుకుంటారు

వృత్తిని బట్టి అనుభవం మారుతుంది. హోటల్ శిక్షణార్థి ఐర్లండ్‌లోనో మాల్టాలోనో అతిథులతో రోజంతా ఆంగ్లంలో మాట్లాడవలసి వస్తుంది. మిఠాయిల తయారీ నేర్చుకునేవారు ఫ్రాన్స్‌లో వేరే పద్ధతులు చూస్తారు. కొయ్య ఇళ్లు విస్తారంగా ఉండే నార్వేలో వడ్రంగ శిక్షణార్థికి వేరే కొలతలు, వేరే నిర్మాణ పద్ధతులు ఎదురవుతాయి. ఒకే పనిని మరో విధంగానూ సరిగ్గా చేయవచ్చన్న గ్రహింపు ఈ పర్యటనల ప్రధాన ఫలితం. దానితో పాటు తెలియని ఊళ్లో గది చూసుకోవడం, వంట చేసుకోవడం, పొరపాటు జరిగితే పరాయి భాషలో వివరించుకోవడం అలవడుతుంది.

తిరిగి వచ్చిన తరువాత ‘యూరోపాస్ మొబిలిటీ’ అనే పత్రంలో చేసిన పనులు, పొందిన నైపుణ్యాలు నమోదవుతాయి. ఇది మార్కుల పత్రం కాదు. తుది పరీక్ష జర్మన్ పాఠ్య ప్రణాళిక ప్రకారమే జరుగుతుంది. కాబట్టి విదేశంలో చేసిన పని ఆ ప్రణాళికకు పొంతన లేనిదైతే, శిక్షణార్థి పరీక్షలో నష్టపోయే ప్రమాదం ఉంది. ఆతిథ్య సంస్థ అతణ్ని కేవలం చిల్లర పనులకు వాడుకోకుండా అభ్యసన ఒప్పందం రక్షణగా నిలుస్తుంది.

తక్కువ మంది ఎందుకు

2013లో జర్మన్ పార్లమెంటు ఒక లక్ష్యం నిర్దేశించింది: 2020 నాటికి కనీసం 10 శాతం శిక్షణార్థులు విదేశీ అనుభవం పొందాలి. జాతీయ ఏజెన్సీ జరిపించిన అధ్యయనం ప్రకారం 2017లో ఆ వాటా 5.3 శాతం. ఆ తరువాత కరోనా మహమ్మారి ప్రయాణాలను నిలిపివేసింది. ఐరోపా సమాఖ్య సభ్యదేశాలు 2024లో వృత్తి విద్యార్థులకు కొత్త లక్ష్యం పెట్టుకున్నాయి: 2030 నాటికి కనీసం 12 శాతం.

ప్రధాన అవరోధం చట్టంలోనే ఉంది. చట్టం వీలు కల్పించింది కానీ, దాన్ని శిక్షణార్థి పట్టుబట్టి పొందగల హక్కుగా చేయలేదు. సంస్థ అంగీకరించకపోతే ప్రయాణం లేదు. పెద్ద కర్మాగారానికి ఇది పెద్ద భారం కాదు. విదేశాల్లో సొంత శాఖలు, ఈ పని చూసే సిబ్బంది ఉంటారు. నలుగురు పనిచేసే బేకరీకి లేదా ప్లంబింగ్ దుకాణానికి ఒక శిక్షణార్థి మూడు నెలలు లేకపోవడం భారమే. భత్యం చెల్లిస్తూ, అతని పని మరొకరితో చేయించుకోవాలి. ఈ కారణంగానే మూడు వారాలకు సరేనన్న యజమాని మూడు నెలలకు వెనుకాడతాడు.

సమాచార లోపం మరో కారణం. ఇంట్లో ఎవరూ విదేశాల్లో చదవని, పనిచేయని కుటుంబాల పిల్లలకు ఇలాంటి అవకాశం ఉందన్న సంగతే తెలియకపోవచ్చు. భాషపై భయం, ఉన్న గది అద్దె వదులుకోలేకపోవడం, దరఖాస్తుల శ్రమ వీటికి తోడవుతాయి. మండలుల్లో పనిచేసే సలహాదారుల బృందం ‘సరిహద్దులు లేని వృత్తి విద్య’ పేరుతో సంస్థలకు, యువతకు ఈ విషయంలో తోడ్పడుతోంది. బ్రిటన్ 2020 చివరిలో ఎరాస్మస్ ప్లస్ నుంచి వైదొలగడంతో, ఆంగ్లం నేర్చుకోవాలనుకునేవారికి ఐర్లండ్, మాల్టాల ప్రాముఖ్యం పెరిగింది.

భారతీయ యువతకు సంబంధం

మన దేశంలో అప్రెంటిస్ శిక్షణకు 1961 నాటి చట్టం ఆధారం. 2016లో జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం ప్రారంభమైంది. జర్మనీ నమూనా స్ఫూర్తితో ఐటీఐలలో ద్వంద్వ శిక్షణ పద్ధతినీ ప్రవేశపెట్టారు. 2022 డిసెంబరు 5న న్యూఢిల్లీలో భారత్, జర్మనీ వలసలు-రాకపోకల భాగస్వామ్య ఒప్పందంపై సంతకాలు చేశాయి. నైపుణ్యం గల భారతీయులకు ఇచ్చే వార్షిక వీసాల సంఖ్యను 20,000 నుంచి 90,000కు పెంచుతామని జర్మనీ 2024 అక్టోబరులో ప్రకటించింది.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచి జర్మనీలో వృత్తి శిక్షణకు వెళ్లాలనుకునేవారు ఒక విషయం గమనించాలి. అక్కడ శిక్షణ ఒప్పందం కుదుర్చుకున్న విదేశీయులకు కూడా నాలుగో వంతు నిబంధన వర్తిస్తుంది. అయితే జర్మనీ ఇచ్చే నివాస అనుమతితో షెంగెన్ దేశాల్లో స్వల్పకాలం పర్యటించవచ్చు గానీ, ఆ అనుమతి అక్కడ పనిచేసే హక్కును దానంతటదే ఇవ్వదు. జర్మన్ సహ శిక్షణార్థి గుర్తింపు కార్డుతో వెళ్లగలిగిన చోటికి, భారతీయ శిక్షణార్థి ఆతిథ్య దేశపు నియమాలు ముందే విచారించి, అవసరమైతే వేరే అనుమతి పొంది వెళ్లాలి. ఆ విచారణ ప్రయాణానికి కనీసం కొన్ని నెలల ముందే మొదలు కావాలి.

భారత్ ఎరాస్మస్ ప్లస్ సభ్యదేశం కానందున, జర్మన్ శిక్షణార్థులు ఇక్కడికి రావడానికి ‘ప్రపంచవ్యాప్త శిక్షణ’ పథకం లేదా సొంత సంస్థ ఖర్చు మార్గాలుగా ఉన్నాయి. భారత వీసా నియమాలు వారికీ వర్తిస్తాయి.

విశ్వవిద్యాలయ విద్యార్థికి విదేశీ సెమిస్టరు ఎంత సహజమో, వడ్రంగ శిక్షణార్థికి విదేశీ కార్యశాల కూడా అంతే సహజం కావాలన్నది ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన. చట్టం, నిధులు, పత్రాలు సిద్ధంగా ఉన్నాయి. మిగిలిన నిర్ణయం ఎక్కువగా చిన్న సంస్థల యజమానుల చేతిలో ఉంది. శిక్షణార్థి లేని రోజుల భారాన్ని వారితో పంచుకునే మార్గం దొరికినప్పుడే చట్టంలోని తొమ్మిది నెలలు ఎక్కువ మందికి అందుబాటులోకి వస్తాయి.