ఊరు చెప్పని చిరునామా

చిరునామా అనగానే ఊరు, వీధి, ఇంటి నంబరు గుర్తొస్తాయి. ఇంటర్నెట్‌లో ఐపీ అడ్రసుదీ అదే పని. ఉత్తరంలో ఏముందో ఎవరికీ కనిపించకుండా అంటించినా, కవరు మీద ఎవరు ఎవరికి రాశారో తెలిసిపోతుంది.

1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనాలయంలో డేవిడ్ గోల్డ్‌ష్లాగ్, మైఖేల్ రీడ్, పాల్ సైవర్సన్ ఈ చిక్కు మీద పని మొదలుపెట్టారు. సందేశాన్ని ఉల్లిపాయలా పొరలు పొరలుగా గుప్తలిపిలో చుట్టి, వరుసగా కొన్ని ప్రాక్సీల గుండా పంపడం వాళ్ల పద్ధతి. ఒక్కో ప్రాక్సీ ఒక్కో పొర విప్పుతుంది. తనకు ఇచ్చిందెవరో, తాను ఇవ్వాల్సిందెవరికో తప్ప దానికి మరేమీ తెలియదు. తర్వాత రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ చేయి కలిపారు. 2002 అక్టోబరులో ‘టోర్’ నెట్‌వర్క్ మొదలైంది.

దాంతో అడిగేవాళ్ల ఆచూకీ దాగింది. జవాబిచ్చే సర్వరు కూడా దాగాలంటే? ఐపీ అడ్రసు చెప్పకూడని సర్వరును ఏ పేరుతో పిలవాలి?

2004లో టోర్ దానికి దారి చూపింది. సర్వరు తనకు తానే ఒక జత తాళంచెవులు తయారుచేసుకుంటుంది. ఒకటి రహస్యం, ఒకటి బహిరంగం. బహిరంగ తాళంచెవి నుంచి లెక్కగట్టిన 16 అక్షరాలకు ‘.ఆనియన్’ తగిలిస్తే అదే పేరు. ఎక్కడా నమోదు చేయించుకోనక్కర్లేదు. రహస్య తాళంచెవి ఎవరి దగ్గరుంటే పేరు వాళ్లది. సర్వరు నెట్‌వర్క్‌లోని కొన్ని ప్రాక్సీలను (రిలేలను) పరిచయ కేంద్రాలుగా ఎంచుకుని, ఆ జాబితా మీద తన తాళంచెవితో సంతకం పెడుతుంది. వచ్చేవాళ్లు వాటి ద్వారా కబురు పంపి, మరో రిలే దగ్గర కలుసుకుంటారు. ఇద్దరూ ఎవరి దారిన వాళ్లొస్తారు. ఒకరి ఇల్లు ఇంకొకరికి తెలియదు.

2015లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ ‘.ఆనియన్’ను ప్రత్యేక అవసరానికి కేటాయించింది. కానీ 16 అక్షరాల్లో పట్టేది 80 బిట్లే. కంప్యూటర్ల బలం పెరిగేకొద్దీ అది చాలలేదు. కొత్త తరం పేర్లలో బహిరంగ తాళంచెవి మొత్తం ఇమిడి ఉంటుంది. పొడవు 56 అక్షరాలు. పాత పేర్లకు 2021లో కాలం చెల్లింది.

ఇంత పొడుగు పేరు ఎవరికీ నోటికి రాదు. మొదటి నాలుగక్షరాలూ కలిసే నకిలీ పేరును పుట్టించడం మోసగాళ్లకు తేలిక. అందుకే చివరి అక్షరం దాకా సరిచూసుకోవాలి. పత్రికలకు రహస్యంగా పత్రాలు అందించే సెక్యూర్‌డ్రాప్ ఈ చిరునామాల మీదే నడుస్తుంది. అక్కడ నకిలీ పేరును నమ్మితే సమాచారం ఇచ్చిన మనిషికే ముప్పు.

సర్వరు నడిపేవాళ్ల బాధ్యత ఇంకా పెద్దది. రహస్య తాళంచెవి పోతే పేరు పోయినట్టే. దొంగ చేతికి చిక్కితే ఆ పేరుతో దొంగే పలుకుతాడు. వెళ్లి మొరపెట్టుకోవడానికి ఏ కచేరీ లేదు. ఎవరి అనుమతీ అడగకుండా పుట్టిన పేరును కాపాడుకోవాల్సిందీ మనమే.