షెంజెన్ కర్మాగారములు - కొనువారి బాధ్యత

1980లో చీనా ప్రభుత్వము హాంకాంగు పొరుగుననున్న షెంజెన్‌ను ప్రత్యేక ఆర్థిక మండలముగా నెలకొల్పిన పిదప, హునాన్, సిచువాన్ మొదలగు దూరసీమల యువతీయువకులు పొలములను విడిచి లక్షోపలక్షలుగా అచటికి తరలివచ్చిరి. కాని, 'హుకౌ' అను నివాస నమోదు పద్ధతి వారిని పుట్టిన పల్లెలకే కట్టివేసినందున, నగరమును నిర్మించినవారికే నగరపౌరుల విద్యావైద్య సౌకర్యములు దుర్లభములై, కర్మాగారపు వసతిగృహమే గృహమయ్యెను.

తైవానులో 1974లో టెర్రీ గౌ స్థాపించిన సంస్థ, ఫాక్స్‌కాన్ నామముతో 1988లో షెంజెన్‌లో ప్రవేశించి, క్రమముగా లోంగ్‌హువాలో లక్షలమంది శ్రామికులుగల మహాకర్మాగారమును వెలయించెను. నెలకు 36 గంటలకు మించి అదనపు పని కూడదని 1994 నాటి కార్మికచట్టము శాసించినను, మూలవేతనము స్వల్పమగుటచే శ్రామికులే అదనపు గంటలను కోరుకొనవలసివచ్చెను. 2010లో వరుసగా సంభవించిన ఆత్మహత్యలు లోకమును కలవరపరుపగా, సంస్థ వేతనములను హెచ్చించి, భవనముల చుట్టును వలలు కట్టించెను. 2012లో, ఫాక్స్‌కాన్‌చే తన ఫోనులను తయారుచేయించుకొను ఆపిల్ కంపెనీ కోరికపై పరిశీలించిన ఫెయిర్ లేబర్ అసోసియేషన్ అను శ్రామికహక్కుల సంస్థ, రద్దీకాలమున పని వారమునకు 60 గంటలు మించుచున్నదని వెల్లడించెను.

ఆ రద్దీకి మూలమేది? క్రొత్త ఫోను విడుదలైన దినముననే కావలెనను కొనుగోలుదారుని తొందర, దానిని పోషించు కంపెనీల పోటీ. 2015లో మన ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలోను ఫాక్స్‌కాన్ ఫోనుల తయారీని ఆరంభించెను గనుక, ఈ ప్రశ్న మనకు పరాయిది కాదు. ధరను విచారించు మనము, శ్రామికుని పనిగంటలను సైతము విచారించుట ధర్మము.